ఆ ఫారంలో ‘ఆరేళ్లు’ అని ఎవరు రాశారు?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది కావలి. నా వయసు 37. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఇద్దరు పిల్లలు. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు. రెండో కాన్పు తర్వాత వచ్చిన ఒళ్లు మళ్లీ తగ్గలేదు. 2022 డిసెంబరులో షుగర్ బయటపడింది. మూడు రకాల మాత్రలు వేసుకుంటున్నా మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 9 కిందికి రావడం లేదు. కొర్రన్నం, జొన్నరొట్టె, వాకింగ్, ఎవరో అమ్మిన షేకులు, అన్నీ అయ్యాయి. ఆరు కిలోలు తగ్గితే ఎనిమిది పెరుగుతాను. రాత్రి గురకకు పిల్లలు పక్క గదిలోకి వెళ్లిపోతున్నారు, మధ్యాహ్నం క్లాసులో కళ్లు మూతలు పడుతున్నాయి.

ఫోన్లో ప్రకటన చూసి నంబరు ఇస్తే చెన్నై నుంచి ఒక కోఆర్డినేటర్ మాట్లాడారు. వెళ్లాం. డాక్టర్ గారు అయిదు నిమిషాలు చూసి ‘స్లీవ్ చేద్దాం’ అన్నారు. మాకు 2021 జూన్‌లో తీసుకున్న 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ ఉంది. క్యాష్‌లెస్‌కు పంపితే తిప్పి పంపారు. షుగర్ ముందునుంచే ఉన్నా చెప్పలేదట, బరువు తగ్గడానికి వేరే ప్రయత్నాలు చేసిన ఆధారాలు లేవట. కోఆర్డినేటర్‌ని అడిగితే ‘హెర్నియా అని పెట్టి పంపిద్దాం మేడమ్, లేదంటే ఈ నెలాఖరులోపు క్యాష్ కట్టండి, 2 లక్షల 90 వేలకే చేయిస్తాం’ అంటున్నారు. మా ఆయన అప్పుకు తిరుగుతున్నారు. అత్తమ్మ ‘నోరు కట్టుకోలేక పొట్ట కోయించుకుంటుందంట’ అని అందరికీ చెబుతోంది. ఏ డాక్టర్‌ని నమ్మాలి? నెల్లూరా, చెన్నైయా, హైదరాబాదా? ఇన్సూరెన్స్ వస్తుందా? ఇంకొకటి, నవ్వకండి, ఆపరేషన్ తర్వాత చేపల పులుసు తినొచ్చా? కాగితాల కాపీలు జత చేశాను.

ఒక సోదరి, కావలి

జవాబు: అమ్మా, ముందు ఆ నెలాఖరు గడువును మనసులోంచి తీసేయండి. స్లీవ్ అంటే జీర్ణాశయంలో ముప్పాతిక వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే కోసి బయటికి తీసేయడం. తీసింది మళ్లీ పెట్టలేరు. అలాంటి ఆపరేషన్‌కు ఆషాఢం సేల్ మాదిరి తేదీ పెట్టి తొందరపెట్టే చోట మీరు బల్ల ఎక్కొద్దు. మీ ఆయన్ని అప్పు కోసం తిరగడం ఆపమనండి. మీ కాగితాలు రెండుసార్లు చదివాను. మీది పోయిన కేసు కాదు.

నేను డాక్టర్‌ని కాదు. నెల్లూరులో ఒక ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో పన్నెండేళ్లు పనిచేశాను. అందుకే మీ కాగితాల్లో నేను ముందుగా చూసింది తిరస్కరణ లెటర్‌ని కాదు, దానికి ముందు ఆస్పత్రి పంపిన ప్రీ ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) ఫారాన్ని. అందులో మీ పేరు, పాలసీ నంబరు, డాక్టర్ గారు రాసిన భాగం అంతా నల్ల సిరాతో ఉంది. ‘షుగర్ ఎంతకాలంగా’ అన్న గడిలో మాత్రం నీలం పెన్నుతో ‘6 సం.’ అని ఉంది. చేతిరాత వేరు. దాని పక్కన సంతకం లేదు.

ఇదెలా జరుగుతుందో నాకు బాగా తెలుసు. పొద్దున పదకొండు గంటలవుతుంది. డెస్క్ ముందు నలుగురు నిలబడి ఉంటారు. ఒకరికి డిశ్చార్జి ఆగింది, ఇంకొకరికి ఆధార్ దొరకట్లేదు. ఆ గోలలో డెస్క్ అమ్మాయి తలెత్తకుండా ‘షుగరెప్పట్నుంచి సార్?’ అంటుంది. పక్కనున్న భర్తో తమ్ముడో ‘ఎప్పట్నుంచో ఉందమ్మా, అయిదారేళ్లుంటుంది’ అంటారు. ఆ అయిదారేళ్లు గడిలోకి 6 అయి దిగుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే రాశాను. ఒకాయన క్లెయిమ్ ఆ ఒక్క అంకె మీద పోయింది. ఆయన భార్య వచ్చి డెస్క్ ముందు ఏమీ అనకుండా నిలబడింది. ఆ రోజు నుంచి ఆ గడి నింపే ముందు పాత రిపోర్టు చేతికిచ్చేదాకా నేను పెన్ను తీయలేదు.

ఇప్పుడు కంపెనీ వైపు నుంచి చూడండి. పాలసీ తీసుకుంది 2021 జూన్‌లో. ఆరేళ్లుగా షుగర్ ఉందని మీ ఆస్పత్రే రాసి పంపింది. అంటే పాలసీ కన్నా ముందే ఉంది, పాలసీ కొన్నప్పుడు నింపిన ప్రపోజల్ ఫారంలో చెప్పలేదు అని వాళ్లు తేల్చుకున్నారు. కాగితం మీద మీరు అబద్ధం ఆడినవారయ్యారు. మీ దగ్గరున్న ల్యాబ్ రిపోర్టు మాత్రం 2022 డిసెంబరుది, షుగర్ మొదటిసారి కనపడింది అందులోనే.

కాబట్టి మొదటి పని ఆ అంకెను సరిచేయించడం. ఆ ఆస్పత్రికే వెళ్లి, షుగర్ వ్యవధి పొరపాటుగా నమోదైందని, రోగి రికార్డుల ప్రకారం మొదట బయటపడింది 2022 డిసెంబరులో అని, లెటర్‌హెడ్ మీద డాక్టర్ సంతకంతో, ఆయన రిజిస్ట్రేషన్ నంబరుతో రాయించుకోండి. ఆపరేషన్ అక్కడ చేయించుకోకపోయినా సరే, ఆ లెటర్ కావాలి. ఎందుకంటే ఆ తప్పు అంకె ఇప్పుడు కంపెనీ రికార్డులోకి ఎక్కింది, రేపు వేరే ఆస్పత్రి నుంచి పంపినా అదే అడ్డొస్తుంది. దానికి తోడుగా 2022 రిపోర్టు పెట్టండి. ఇంకా బలం కావాలంటే ఇంట్లో బీరువా వెతకండి. రెండో కాన్పు ఫైలులో షుగర్ పరీక్ష కచ్చితంగా ఉంటుంది. కరోనా రోజుల్లో చేయించిన రక్తపరీక్షలు, స్కూల్లో పెట్టిన మెడికల్ క్యాంపు చీటీ, ఏదైనా సరే. పాలసీ తీసుకున్న 2021 జూన్ దగ్గర్లో షుగర్ నార్మల్ అని చూపే ఒక్క కాగితం దొరికితే ఆ అభ్యంతరం అక్కడితో తీరుతుంది.

ఒకవేళ ఆ పాత కాగితాల్లో షుగర్ ఎక్కువని కనపడితే? దాచమని నేను చెప్పను. అలా ఉంటే నాకు మళ్లీ రాయండి, అప్పుడు దారి వేరు.

రెండో అభ్యంతరం ఆధారాల గురించి. ఇది చాలామందికి అర్థం కాని చోటు, అందుకని కాస్త వివరంగా చెబుతాను. బరువు తగ్గే ఆపరేషన్‌ను ఎప్పుడు ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వనక్కరలేదు అన్నదానికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో అన్ని కంపెనీలకూ ఒకే మాట ఖరారు చేసింది. మీ పాలసీ పుస్తకంలో ‘మినహాయింపులు’ అన్న చోట ఎక్స్‌క్లూజన్ కోడ్ 06 అని ఉంటుంది, తీసి చూడండి. డాక్టర్ సలహా మీద చేయాలి, వైద్య ప్రమాణాలకు తగ్గట్టు ఉండాలి, వయసు 18 నిండాలి. ఆపైన బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 40 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి. 35 నుంచి 40 లోపు ఉంటే, కోత లేని పద్ధతులు ప్రయత్నించి ఫలించక, వీటిలో ఒకటైనా ఉండాలి: ఊబకాయం వల్ల వచ్చిన గుండె కండరాల జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు), అదుపులో లేని టైప్ 2 షుగర్. ఈ షరతులు నెరవేరకపోతేనే ఈ మినహాయింపు చూపి కంపెనీ కాదనగలదు.

మన దేశస్థులకు తక్కువ బరువులోనే షుగర్, గుండెజబ్బులు వస్తాయని మన వైద్యులు ఆపరేషన్‌కు 37.5, జబ్బులుంటే 32.5 అన్న హద్దులు వాడుతుంటారు. బీమా హద్దు అంతకన్నా పైన ఉంది. డాక్టర్ అవసరమన్నా కంపెనీ కాదనడం ఇలాంటి చోటే వస్తుంది. మీకు ఆ చిక్కు లేదు. 92ని 1.56తో రెండుసార్లు భాగిస్తే 37.8 వస్తుంది.

కానీ మీ ఫారంలో ఎత్తు ఎంత రాశారో చూశారా? ‘5 అడుగుల 4 అంగుళాలు’. అంటే 162 సెంటీమీటర్ల పైమాట. ఆ లెక్కన బీఎంఐ 34.8 అవుతుంది, 35 కూడా దాటదు! తిరస్కరణ లెటర్‌లో ఈ సంగతి లేదు గానీ, మళ్లీ పంపినప్పుడు ఎవరో ఒకరు లెక్క వేస్తారు. నోటితో చెప్పిన ఎత్తు ఎప్పుడూ రాయించుకోకండి. చెప్పులు విప్పి, గోడకు ఆని, స్కేలు కింద నిలబడి కొలిపించుకోండి. బరువు కూడా అదే రోజు, అదే చీటీ మీద, తేదీతో రాయించండి. ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు లివర్ కుదించుకోవడానికి తక్కువ కేలరీల ఆహారం ఇస్తారు, అప్పుడు కొన్ని కిలోలు తగ్గుతారు. మీ ఎత్తుకు 85 కిలోల దగ్గర బీఎంఐ 35 అవుతుంది. అందుకే ఆ డైట్ మొదలుకాక ముందు నాటి బరువు కాగితం మీద భద్రంగా ఉండాలి.

ఇక ప్రయత్నాలు. మీరు పడ్డ కష్టం నేను నమ్ముతాను. కానీ కొర్రన్నం తిన్నందుకు రసీదు ఉండదు, షేకులు అమ్మినావిడ కాగితం ఎవరికీ పనికిరాదు. కావలిలో మీకు షుగర్ చూసే డాక్టర్ గారి ఓపీ చీటీలు 2022 నుంచి ఉన్నవన్నీ తేదీల వరసలో పెట్టండి. వాటిలో చాలావాటి మూలన బరువు రాసి ఉంటుంది. ఆ మూల అంకెలే మీ ఆధారాలు. మాత్రల డోసు పెంచుకుంటూ పోయినా మూడు నెలల షుగర్ 9 దగ్గరే ఉందని చూపే రిపోర్టులు కలిపితే ‘అదుపులో లేని షుగర్’ అన్నది మీ మాట కాదు, రికార్డు మాట అవుతుంది. ఇన్ని నెలలు ప్రయత్నించాలి అని ఆ నిబంధనలో లెక్క లేదు. అయినా ఇప్పటినుంచి ఒక ఎండోక్రినాలజిస్టు (హార్మోన్ల డాక్టర్) దగ్గర, ఒక డైటీషియన్ దగ్గర పద్ధతిగా చూపించుకోండి. వాళ్లు రాసే ప్రతి చీటీ ఆ ఫైలులోకి వెళ్తుంది. బరువు, షుగర్ తగ్గడానికి వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ల గురించి కూడా అక్కడే అడగండి. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. కొందరికి వాటితోనే పని జరుగుతుంది. ఆపేస్తే బరువు తిరిగి వస్తుందన్నదీ, నెలనెలా ఖర్చన్నదీ లెక్క వేసుకోవాలి. వాడుతుంటే మత్తు డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది షుగర్ కాదు, గురక. పిల్లలు గది మారేంత గురక, పగలు క్లాసులో నిద్ర. ఇది స్లీప్ ఆప్నియా కావచ్చు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం అది. రాత్రంతా పడుకోబెట్టి చేసే స్లీప్ స్టడీ ఉంది. గంటకు 30 సార్లు, ఆపైన ఊపిరి ఆగినా బాగా తగ్గినా దాన్ని తీవ్రమైనదిగా లెక్కిస్తారు. అలా తేలితే బీమా షరతుల్లో మీకు రెండోది కూడా దొరికినట్టే. అంతకన్నా ముఖ్యమైనది వేరే ఉంది. ఆ జబ్బు ఉందని తెలియకుండా మత్తు ఇవ్వడం ప్రమాదం. ఉంటే ఆపరేషన్‌కు ముందే, నిద్రలో గాలి ఒత్తిడితో ఊపిరి దారిని తెరిచి ఉంచే సీప్యాప్ మెషిన్ పెట్టి ఊపిరిని దారిలోకి తెస్తారు. మరి చెన్నైలో ఆ అయిదు నిమిషాల్లో మిమ్మల్ని గురక గురించి ఎవరైనా అడిగారా? గొంతులోంచి గొట్టం పంపి జీర్ణాశయం లోపల చూసే ఎండోస్కోపీ రాశారా? మీ కాగితాల్లో రెండూ లేవు.

మీరు డాక్టర్ గురించి ఒక ప్రశ్న, ఇన్సూరెన్స్ గురించి ఒక ప్రశ్న అడిగారు. నా లెక్కలో రెండూ ఒకటే. మిమ్మల్ని కుదురుగా కూర్చోబెట్టి ఎత్తు కొలిచి, గురక అడిగి, పాత రిపోర్టులు తిరగేసి, స్లీప్ స్టడీ, ఎండోస్కోపీ, థైరాయిడ్, గుండె పరీక్షలు రాసే సర్జన్ దగ్గర తయారయ్యే ఫైలు దానంతట అదే కంపెనీ అడిగే ఫైలు. డెస్క్‌లో ఉన్నన్నాళ్లూ చూశాను. తిరిగొచ్చే ఫైళ్లు ఎక్కువగా తొందరపడే డాక్టర్లవే.

ఎండోస్కోపీ ఎందుకో ఒక మాట చెబుతాను. స్లీవ్ తర్వాత కొందరికి ఛాతీలో మంట, పులితేన్పులు పెరుగుతాయి. ముందే ఆ బాధ గట్టిగా ఉన్నవాళ్లకు, షుగర్ బాగా ముదిరినవాళ్లకు చాలాసార్లు బైపాస్ మేలంటారు. అందులో జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి పేగుకు కలుపుతారు. బైపాస్‌లో విటమిన్ల లోటు ఎక్కువ. ఏది మీకు సరిపోతుందన్నది లోపల చూశాక తేలాల్సిన విషయం. చూడకముందే స్లీవ్ అన్నారంటే వాళ్లు మిమ్మల్ని చూసి చెప్పలేదు, ప్యాకేజీని చూసి చెప్పారు.

మా చెల్లెలి సంగతి చెప్పాలి. తను ఒంగోలులో ఉంటుంది. కొన్నేళ్ల కిందట ఒక పెద్ద నగరంలో ఇదే ఆపరేషన్ చేయించుకుంది. మూడో రోజు డిశ్చార్జి చేశారు, రైల్లో ఇంటికొచ్చేసింది. ఆరో రోజు సాయంత్రం చెమటలు, ఎడమ భుజంలో నొప్పి, నాడి నిమిషానికి 120 దాటింది. దగ్గర్లోని క్లినిక్‌లో గ్యాస్ అని ఇంజెక్షన్ ఇచ్చారు. అంతకు ముందు రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసిన కోఆర్డినేటర్ ఆ రాత్రి ఎత్తలేదు. డిశ్చార్జి కాగితం మీదున్నది రిసెప్షన్ నంబరు, వాళ్లు ‘పొద్దున ఓపీకి రండి’ అన్నారు. నేను నెల్లూరు నుంచి వెళ్లేసరికి రాత్రి పన్నెండైంది. మంచం మీద మోకాళ్లు ముడుచుకుని, ‘అక్కా, ఊపిరి లోపలికి తీస్తే భుజం గుచ్చుతోంది’ అంది. ఒంటిగంటకు ఒక ఫిజీషియన్ గారు నాడి పట్టుకుని చూసి, సీటీ స్కాన్ తీయించి, కుట్ల దగ్గర లీకు అని చెప్పి అప్పటికప్పుడు అంబులెన్స్ ఎక్కించారు. పందొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంది. బతికింది. ఇప్పుడు 34 కిలోలు తగ్గి బాగానే ఉంది.

లీకు మంచి చేతుల్లో కూడా రావచ్చు. దానికి నేను ఆ డాక్టర్‌ని తప్పు పట్టను. రాత్రి పదింటికి ఫోన్ ఎత్తే మనిషి లేకుండా ఇంటికి పంపినందుకు తప్పు పడతాను. అందుకే సర్జన్‌ని ఎంచుకునేటప్పుడు నేను అడగమనే మొదటి ప్రశ్న ఎన్ని ఆపరేషన్లు చేశారు అన్నది కాదు. ‘సార్, ఆరో రోజు రాత్రి కావలిలో నాకు నాడి 120 కొడితే నేను ఎవరికి ఫోన్ చేయాలి? ఎత్తేదెవరు?’ అని అడగండి. పేరు, నంబరు చెప్పి, ఏ లక్షణాలకు వెంటనే రావాలో రాసిచ్చే ఆయన మీకు కావాలి. నవ్వేసి ‘అలాంటివేమీ రావమ్మా’ అనే ఆయన వద్దు.

తర్వాత ఎన్ని చేశారో అడగండి. ఆస్పత్రి మొత్తం చేసినవి కాదు, ఆయన స్వయంగా, ఈ ఆపరేషనే, ఏడాదికి ఎన్ని అని. ‘మీ పేషెంట్లలో లీకు వచ్చినవాళ్లున్నారా, ఏం చేశారు?’ అని అడగడానికి మొహమాటపడకండి. అనుభవమున్న సర్జన్‌కు ఈ ప్రశ్న కోపం తెప్పించదు. బల్ల మీద చేసేది ఆయనేనా, ఆయన పేరు మీద ఇంకొకరా అన్నదీ తేల్చుకోండి. పేరు తర్వాత ఎన్ని అక్షరాలున్నాయని చూడొద్దు. కొద్ది రోజుల కోర్సులకూ అక్షరాలొస్తాయి. ఎంఎస్ జనరల్ సర్జరీ గానీ సర్జికల్ గ్యాస్ట్రో ఎంసీహెచ్ గానీ చేసి, ఆపైన బరువు తగ్గించే ఆపరేషన్లలో, అంటే బేరియాట్రిక్‌లో ఎక్కడ, ఎంతకాలం శిక్షణ పొందారో అడగండి. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరుతో ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు. ఈ సర్జన్లకు ఒబేసిటీ అండ్ మెటబాలిక్ సర్జరీ సొసైటీ ఆఫ్ ఇండియా అని సంఘం ఉంది, అందులో సభ్యులా అన్నదీ ఒక గుర్తు. ఆస్పత్రిలో 24 గంటల ఐసీయూ, రాత్రి సీటీ స్కాన్ ఉండాలి. మీ బరువుకు తగ్గ టేబుల్ ఉందో లేదో కూడా చూడాలి.

ఏ ఊరు అన్నారు. పేరున్న ఊరు కన్నా మీకు అందే ఊరు మేలు. ఈ ఆపరేషన్ ఒక్క రోజుది కాదు. మొదటి ఏడాది నాలుగైదుసార్లు, ఆ తర్వాత ఏడాదికోసారి బతికినంత కాలం చూపించుకోవాలి. బి12, ఐరన్, విటమిన్ డి, కాల్షియం రోజూ వేసుకోవాలి, రక్తపరీక్షలతో చూసుకుంటూ ఉండాలి. ఆగకుండా వాంతులైతే థయమిన్ (బి1 విటమిన్) పడిపోయి నరాలకు ముప్పొస్తుంది, అప్పుడు ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కావలి నుంచి నెల్లూరు గంట ప్రయాణం. పై ప్రశ్నలకు సరిగా జవాబు చెప్పే జట్టు నెల్లూరులో దొరికితే నేను అక్కడే అంటాను. అక్కడ ఆస్పత్రులుండే పొగతోటలో ఇద్దరు సర్జన్లను కలవండి. మనసు కుదరకపోతే పినాకిని రైలెక్కి చెన్నైలో ఇంకో చోట రెండో అభిప్రాయం తీసుకోండి. కన్సల్టేషన్ ఫీజు పోతే పోనివ్వండి. చెన్నైలోనో హైదరాబాదులోనో చేయించుకుంటే మాత్రం డిశ్చార్జి అయిన రోజే రైలెక్కొద్దు. రెండు వారాలు ఆ ఆస్పత్రికి దగ్గర్లో గది తీసుకుని ఉండండి. ఆ అద్దెను ఆపరేషన్ ఖర్చులోనే లెక్క వేసుకోండి. కావలిలో మీ ఫిజీషియన్‌కు ఆ సర్జన్ నంబరు ముందే ఇచ్చి, ఇద్దరూ ఒకసారి మాట్లాడుకునేలా చూడండి.

ఇక హెర్నియా. అమ్మా, ఇది మోసం. మెల్లగా చెప్పినా గట్టిగా చెప్పినా అదే. సంతకం మీది ఉంటుంది, కోఆర్డినేటర్‌ది ఉండదు. రేపు లీకో రక్తస్రావమో అయ్యి మళ్లీ చేరాల్సి వస్తే, హెర్నియా ఫైలులో జీర్ణాశయం కోత ఎక్కడినుంచి వచ్చిందని అడుగుతారు. ఆ క్లెయిమూ పోతుంది, పాలసీయే రద్దవుతుంది. మీ పిల్లలిద్దరూ అదే పాలసీలో ఉన్నారు. పైగా ఇంకో ఊళ్లో డాక్టర్ మీ డిశ్చార్జి కాగితం చూసి హెర్నియా అనుకుని వైద్యం చేస్తే ప్రాణానికే ముప్పు. ఆ మాట అన్న మనిషితో ఇక మాట్లాడొద్దు.

కొత్త సర్జన్ దగ్గర ఫైలు తయారయ్యాక, చేరే రోజుకు మూడు నాలుగు రోజుల ముందే ప్రీ ఆథరైజేషన్ పంపించండి. పంపే ముందు ఫారం మీరే చదవండి. ఎత్తు, బరువు, షుగర్ ఎప్పటినుంచి అన్న మూడూ మీ కళ్లతో చూడండి. పాత తప్పును సరిచేసిన లెటర్ పైనే ఉండాలి. 2024 మేలో వచ్చిన ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అడిగిన గంటలో కంపెనీ నిర్ణయం చెప్పాలి, డిశ్చార్జి వేళ తుది ఆమోదం మూడు గంటల్లో ఇవ్వాలి. కాదంటే ఏ షరతు కింద కాదన్నారో రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో చెప్పిన కారణం కారణం కాదు.

క్యాష్‌లెస్ కాదన్నారంటే క్లెయిమ్ పోయిందని కాదు. ముందు డబ్బు కట్టి తర్వాత రీయింబర్స్‌మెంట్ అడిగే హక్కు ఉంటుంది. కానీ మీ కేసులో ఆ అంకె సరికాకుండా, అప్పు తెచ్చి ఆ దారిలో వెళ్లొద్దంటాను. తప్పు సరిచేశాక కూడా కాదంటే కంపెనీ గ్రీవెన్స్ అధికారికి మెయిల్ పెట్టండి, ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో కూడా నమోదు చేయండి. 155255కి ఫోన్ చేసి కూడా చెప్పొచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. మన రాష్ట్రానికి ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉంది, ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా కేసులు వింటారు. కంపెనీ తుది జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. మీలాంటి కేసులో తేదీలున్న రెండు ల్యాబ్ రిపోర్టులు లాయర్ కన్నా బాగా మాట్లాడతాయి.

పాలసీలో ఇంకో రెండు చోట్లు చూడండి. బేరియాట్రిక్‌కు విడిగా వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఇన్నేళ్లు ఆగాలన్న గడువు), సబ్ లిమిట్ (ఇంతకు మించి ఇవ్వమన్న హద్దు) ఉన్నాయేమో. వెయిటింగ్ పీరియడ్ సాధారణంగా రెండు మూడేళ్లు ఉంటుంది, మీకు నాలుగేళ్లు దాటింది కాబట్టి ఇబ్బంది ఉండకపోవచ్చు. సబ్ లిమిట్ ఉంటే మాత్రం 5 లక్షల పాలసీ అయినా అంతవరకే ఇస్తారు. ఇంకొకటి గది అద్దె. రోజుకు ఇంత అని హద్దుండి, మీరు అంతకన్నా ఖరీదైన గది తీసుకుంటే గది తేడానే కాదు, డాక్టర్ ఫీజు, థియేటర్ ఖర్చు కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. ఈ ఆపరేషన్ బిల్లులో జీర్ణాశయాన్ని కోసి మూయడానికి వాడే స్టేప్లర్ కాట్రిడ్జ్‌లదే పెద్ద వాటా. ఎన్ని పడతాయి, ఏ కంపెనీవి, ప్యాకేజీలో ఉన్నాయా అన్నది ఎస్టిమేట్‌లో రాయించుకోండి. 2 లక్షల 90 వేలు అని చివరికి నాలుగు లక్షలు చేసిన బిల్లులు నా చేతుల మీదుగా పోయాయి.

మీ అత్తమ్మ గారి మాట. ఆమెను ఒకసారి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా జీర్ణాశయం పైభాగంలోనే తయారవుతుంది, స్లీవ్‌లో తీసేది ఆ భాగాన్నే. తగ్గిన బరువును తిరిగి తెచ్చుకోవాలని ఒళ్లే పోరాడుతుంది. ఆరు తగ్గి ఎనిమిది పెరగడం మీ నోటి చేతగానితనం కాదు. ఇది కోడలు చెబితే వినరు, తెల్లకోటు చెబితే వింటారు. ఆమెకు కోపం కన్నా భయమే ఎక్కువ ఉందని నాకనిపిస్తోంది. ఆపరేషన్ తర్వాత నెలరోజులు మీకు వంట చేసిపెట్టేదీ ఆమే.

చేపల పులుసుకు నేనెందుకు నవ్వుతాను? నెల్లూరు వాళ్లెవరూ నవ్వరు. మొదటి రెండు వారాలు ద్రవాలే, తర్వాత మెత్తగా చేసినవి, నెల దాటాక మెల్లమెల్లగా మామూలు తిండి. ఏ వారం ఏమిటన్నది మీ డైటీషియన్ చెప్పినట్టే నడవాలి. రెండు మూడు నెలలకు చేప మీకు మంచి తిండే, ఎందుకంటే అప్పుడు మీ పొట్టలో పట్టేది కొంచెం, ఆ కొంచెంలో ప్రొటీన్ ముందు వెళ్లాలి. మలై కాజా జోలికి మాత్రం వెళ్లొద్దు, ముఖ్యంగా బైపాస్ అయితే తీపి తిన్న పది నిమిషాలకే గుండె దడ, చెమటలు పడతాయి. పులుసు మొదటిసారి చేసినప్పుడు అత్తమ్మను కారం, చింతపండు సగానికి తగ్గించమనండి. మామిడికాయ ముక్క వేసినా మీ గిన్నెలోకి రానివ్వొద్దు. ముళ్లన్నీ తీసిన ఒక్క ముక్క తీసుకుని, అన్నం కలపకుండా, నలుసు నలుసుగా నమిలి తినండి. నీళ్లు అరగంట తర్వాత.